గ్రాఫు లేస్తే భూకంపం వస్తుందా? కర్నూలు నేల మీద యూఎల్ఎఫ్ సంకేతాల లెక్క

2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 మాగ్నిట్యూడ్‌తో భూమి కదిలింది. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఆ కదలిక తెలిసింది. ఇలాంటిది జరిగినప్పుడల్లా ఫోన్లలో ఏదో ఒక గ్రాఫు తిరగడం మొదలవుతుంది. నీలం గీత చాలాసేపు చదునుగా సాగి, చివర్లో నిక్కబొడుచుకుని ఉంటుంది. కింద ‘భూమి లోపలి నుంచి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు వచ్చాయి, ముందే తెలిసింది’ అని రాసి ఉంటుంది. దీన్ని శుద్ధ అబద్ధమని కొట్టిపారేసేవాళ్లున్నారు, ప్రభుత్వం దాస్తోందనేవాళ్లూ ఉన్నారు. అసలు విషయం ఈ రెండింటికీ దూరంగా ఉంది. భూకంపానికి ముందు రాళ్లలో విద్యుత్తు పుట్టడం అసాధ్యమేమీ కాదు. ఆ విద్యుత్తు పైకి వచ్చి, మన పరికరంలో పడి, మిగతా రొదలోంచి విడిగా తెలుస్తుందా అన్నదే చిక్కు.

హెచ్చరిక వేరు, జోస్యం వేరు

ముందుగా రెండు మాటలు విడదీసుకోవాలి. ‘ముందస్తు హెచ్చరిక’ అంటే భూకంపం అప్పటికే మొదలైంది, దెబ్బ మన దాకా ఇంకా రాలేదు అని అర్థం. పగులు దగ్గర బయల్దేరిన పి-తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. గోడలు కూల్చే ఎస్-తరంగం సుమారు 3.5 కిలోమీటర్లే పోతుంది. 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి మొదటిది 17 సెకన్లకు, రెండోది 29 సెకన్లకు చేరుతుంది. ఈ మధ్యలో దొరికే పన్నెండు సెకన్లే హెచ్చరికకు ఆధారం. ఇందులో వివాదం ఏమీ లేదు, జపాన్‌లో అది రోజువారీ వ్యవస్థ.

‘జోస్యం’ అంటే ఇంకా మొదలవని భూకంపానికి చోటు, వేళ, పరిమాణం మూడూ ముందే చెప్పడం. పెద్ద భూకంపాన్ని తాము గానీ మరే శాస్త్రవేత్తలు గానీ ఇంతవరకు అలా చెప్పలేదని అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ స్పష్టంగా ప్రకటించింది. తక్కువ ఫ్రీక్వెన్సీ సంకేతాల మీద పరిశోధన ఈ రెండో కోవకు చెందింది.

ఇంత నెమ్మది తరంగాలే ఎందుకు?

మన ఇంటి కరెంటు సెకనుకు 50 అలలు పూర్తి చేస్తుంది, అంటే 50 హెర్ట్జ్. యూఎల్ఎఫ్, అంటే అల్ట్రా లో ఫ్రీక్వెన్సీ, అంతకన్నా చాలా నెమ్మది, దాదాపు 10 హెర్ట్జ్ నుంచి 0.01 హెర్ట్జ్ దాకా, ఇంకా కిందికి కూడా. 0.01 హెర్ట్జ్ అంటే ఒక్క అల పూర్తి కావడానికి 100 సెకన్లు.

నేల తనలోంచి పోయే తరంగాన్ని మింగేస్తుంది. తరంగం మూడో వంతుకు కాస్త పైన, అంటే 37 శాతానికి తగ్గిపోయే లోతుకు ఒక సులువు లెక్క ఉంది. రాతి నిరోధకతను, అంటే అది కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఆ కొలతను, ఫ్రీక్వెన్సీతో భాగించి, వర్గమూలం తీసి, 503తో గుణిస్తే ఆ లోతు మీటర్లలో వస్తుంది. నిరోధకత 1,000 ఓమ్-మీటర్లు ఉన్న గట్టి రాయిని తీసుకుందాం. ఎఫ్ఎం రేడియో ఉండే 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ లోతు 1.6 మీటర్లే. కడప ఆకాశవాణి మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్ అయితే 17 మీటర్లు, 50 హెర్ట్జ్ కరెంటు అయితే రెండుంపావు కిలోమీటర్లు. 1 హెర్ట్జ్‌కు 16 కిలోమీటర్లు, 0.01 హెర్ట్జ్‌కు ఏకంగా 159 కిలోమీటర్లు వస్తుంది.

చాలా భూకంపాలు 5 నుంచి 15 కిలోమీటర్ల లోతులో మొదలవుతాయి. అక్కడ పుట్టిన సంకేతం పైకి రావాలంటే అది ఒక హెర్ట్జ్ చుట్టుపక్కల, లేదా అంతకన్నా నెమ్మదిగా ఉండక తప్పదు. రాళ్లు పగిలేటప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు పుట్టినా అవి అక్కడికక్కడే సమాధి అవుతాయి.

ఇదే లెక్క తడి బంకమట్టికి కడితే ఫలితం తలకిందులవుతుంది. నిరోధకత 10 ఓమ్-మీటర్లు అనుకుంటే 1 హెర్ట్జ్ తరంగం కూడా 1.6 కిలోమీటర్లకే నీరసిస్తుంది. అనంతపురం, కర్నూలు కింద ఉన్నది ధార్వార్ గ్రానైటు, నైసు రాళ్ల పాత గట్టి నేల. సంకేతం ప్రయాణించడానికి ఇది మంచి దారే. కానీ ఆ దారిన నడిచేది భూకంప సంకేతం ఒక్కటే కాదు, ఆ గొడవ కాసేపట్లో.

రాయిలో కరెంటు ఎలా పుడుతుంది

నాలుగు వివరణలు వినిపిస్తాయి. స్ఫటికరాయిని, అంటే క్వార్ట్జ్‌ను, నొక్కితే దాని కొసల మధ్య వోల్టేజి పుడుతుంది. గ్యాస్ లైటరులో నిప్పురవ్వ వచ్చేది ఈ గుణం వల్లే. గ్రానైటులో క్వార్ట్జ్ పుష్కలం, కానీ దాని గింజలు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి ఒకదాని వోల్టేజి ఇంకొకదాన్ని చాలా మటుకు రద్దు చేస్తుంది. రెండోది, మాగ్నటైట్ లాంటి ఖనిజం ఉన్న రాయి మీద ఒత్తిడి మారితే దాని అయస్కాంతత్వం కాస్త మారుతుంది. మూడోది, పగుళ్లలో నీళ్లు కదిలినప్పుడు తమతో పాటు ఆవేశాన్ని లాక్కుపోతాయి. నాలుగోది ఫ్రీడెమన్ ఫ్రాయిండ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదన. రాతి ఖనిజాల్లో ఆక్సిజన్ పరమాణువుల జంట బంధాలు ఒత్తిడికి తెగి, ధనావేశ ‘రంధ్రాలు’ విడుదలై రాయిలో పరుగెడతాయని ఆయన వాదన.

ఇందులో నీటి కదలిక వివరణకే ఎక్కువ బలం ఉందనిపిస్తుంది, ఎందుకంటే లోతు రాళ్లు నిజంగానే తడిగా ఉంటాయి. ఆ తడే పొడి రాయి మీద చేసిన ప్రయోగాలకు అడ్డు. ఉప్పునీరు నిండిన పగుళ్లు కరెంటును ఇట్టే లాగేస్తాయి, ఆవేశం పోగుపడే అవకాశం తగ్గిపోతుంది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం కొలతల నుంచి వచ్చింది. 1992లో కాలిఫోర్నియాలోని ల్యాండర్స్‌లో 7.3 మాగ్నిట్యూడ్ భూకంపం వచ్చినప్పుడు, ఇరవై కిలోమీటర్ల చుట్టుపక్కల ఉన్న మాగ్నెటోమీటర్లలో అయస్కాంత క్షేత్రం సుమారు ఒక నానోటెస్లా (ఆ క్షేత్రాన్ని కొలిచే చాలా చిన్న ప్రమాణం) మారింది. ఒత్తిడి అంతా ఒక్కసారిగా విడుదలైన క్షణంలోనే మార్పు అంత చిన్నదైతే, దానికి ముందు మెల్లగా జరిగే మార్పు అంతకన్నా పెద్దదిగా ఎలా కనిపిస్తుంది? ఈ సంకేతాల సమర్థకులు దీనికి సంకేతం పుట్టేది ఒత్తిడి పరిమాణం వల్ల కాదు, నీటి కదలిక వేగం వల్ల అని జవాబిస్తారు. జవాబు సాధ్యమైనదే, రుజువైనది మాత్రం కాదు.

అందరూ చూపించే కొరలిటోస్ గ్రాఫు

1989 అక్టోబరు 17న శాన్‌ఫ్రాన్సిస్కో దక్షిణాన లోమా ప్రియేటాలో 6.9 మాగ్నిట్యూడ్ భూకంపం వచ్చింది. భూకంప కేంద్రానికి 7 కిలోమీటర్ల దూరంలో కొరలిటోస్ అనే చోట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంటొనీ ఫ్రేజర్-స్మిత్ బృందం పెట్టిన యూఎల్ఎఫ్ పరికరం అప్పటికే నడుస్తోంది. అది భూకంపం కోసం పెట్టినది కాదు, కాబట్టి వెతికి తెచ్చుకున్న ఫలితం అనడానికి వీల్లేదు.

రికార్డులో వాళ్లు నాలుగు వింతలు చూశారు. సెప్టెంబరు 12 ప్రాంతంలో 0.05–0.2 హెర్ట్జ్ మధ్య ఒక సన్నని సంకేతం మొదలైంది. అక్టోబరు 5 నుంచి దాదాపు బ్యాండు (కొలిచే ఫ్రీక్వెన్సీల శ్రేణి) మొత్తం రొద పెరిగింది. భూకంపానికి ఒక రోజు ముందు 0.2–5 హెర్ట్జ్ మధ్య రొద తగ్గింది. చివరి మూడు గంటల్లో 0.01–0.5 హెర్ట్జ్ మధ్య స్థాయి విపరీతంగా లేచింది. 1990లో ఈ వ్యాసం అచ్చయ్యాక ప్రపంచమంతా మాగ్నెటోమీటర్లు పాతడం మొదలుపెట్టింది.

ఇరవై ఏళ్ల తర్వాత, 2009లో, జెరెమీ థామస్, జెఫ్రీ లవ్, మాల్కమ్ జాన్‌స్టన్ అనే పరిశోధకులు కొరలిటోస్ 21 నెలల రికార్డును మళ్లీ తవ్వారు. అక్కడి లాగ్‌బుక్ కూడా చదివి, జపాన్, హవాయి, బౌల్డర్, ఫ్రెస్నో కేంద్రాల కొలతల పక్కన పెట్టి పోల్చారు. ఆ వింతలు భూకంపానివి కావు, పరికరంలో లోపం వల్ల వచ్చినవి అన్నది వాళ్ల నిర్ణయం. అదే ఏడాది వాలెస్ క్యాంప్‌బెల్ ఇంకో దారిలో, అవి సహజమైన భూఅయస్కాంత అలజడి మాత్రమే అని వాదించాడు. ఇద్దరూ భూకంప సంకేతం కాదనే అంటున్నారు గానీ కారణాలు మాత్రం కలవడం లేదు. సమర్థకులు పట్టుకునే సందు ఇదే, వాళ్లను తప్పుపట్టలేం. అక్కడ ఉన్నది ఒకే దిక్కును కొలిచే ఒక్క కాయిలు, అంటే తీగచుట్ట. పక్కన రెండో పరికరం ఉండి ఉంటే ఈ తగువు ఒక్క రోజులో తేలిపోయేది.

గ్వామ్‌లో నిష్పత్తి చేసిన మాయ

ఆకాశం నుంచి వచ్చే అయస్కాంత అలజడి ఎక్కువగా అడ్డంగా ఉంటుంది, నేల కింద నుంచి వచ్చేది నిలువుగా కనిపించాలి. కాబట్టి నిలువు భాగాన్ని అడ్డ భాగంతో భాగిస్తే భూమి సంకేతం బయటపడుతుందన్నది జపాన్ పరిశోధకుడు మసాషి హయకావా తదితరులు వాడిన ఉపాయం. 1993 ఆగస్టు 8న పసిఫిక్ దీవి గ్వామ్ దగ్గర వచ్చిన పెద్ద భూకంపానికి ముందు ఈ నిష్పత్తి పెరిగిందని వాళ్లు చూపించారు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. అలజడి ఉన్న రోజు అడ్డ భాగం 2.0, నిలువు 0.4 నానోటెస్లాలు. నిష్పత్తి 0.2. మర్నాడు ఆకాశం నెమ్మదించింది. అడ్డ భాగం 0.8కి పడిపోయింది. నిలువు మాత్రం పరికరం సొంత రొద వల్ల 0.35 కన్నా దిగలేదు. నిష్పత్తి ఇప్పుడు 0.44. నేల కింద ఏమీ జరగకుండానే సంకేతం రెట్టింపయింది! గ్వామ్ రికార్డును 2009లో మళ్లీ పరిశీలించినప్పుడు సరిగ్గా ఈ తరహా సంగతే తేలింది. ఆ నిష్పత్తి ప్రపంచవ్యాప్త భూఅయస్కాంత అలజడిని చూపే కేపీ సూచీకి ఎదురుగా నడిచింది.

గ్రీసులో వరోట్సోస్ బృందం భూమిలో ఎలక్ట్రోడ్లు పాతి ‘వాన్’ పద్ధతి పేరుతో 1980ల నుంచి చేసిన ప్రకటనల మీద 1996లో ఒక శాస్త్ర పత్రిక ప్రత్యేక సంచికే వేసింది. అందులోని అనుమానం కూడా ఇలాంటిదే, ఆ విద్యుత్తులో ఫ్యాక్టరీల వాటా ఎంత అని.

కర్నూలు పొలంలో కాయిలు పాతితే ఏం వినిపిస్తుంది

యూఎల్ఎఫ్ కొలిచే ఇండక్షన్ కాయిలు సూత్రంలో మోటారు వైండింగు లాంటిదే. అయస్కాంతాన్ని ఇట్టే పట్టుకునే లోహపు కడ్డీ మీద వేల చుట్లు సన్నని రాగి తీగ. క్షేత్రం మారితే తీగలో వోల్టేజి పుడుతుంది. మార్పు ఎంత నెమ్మదైతే వోల్టేజి అంత తక్కువ, అందుకే 0.01 హెర్ట్జ్ దగ్గర కొలత కష్టం. ఉత్తరం, తూర్పు, నిలువు దిక్కులకు ఒక్కొక్కటి చొప్పున మూడు కాయిళ్లు నేలలో పాతి, బ్యాటరీ, జీపీఎస్ గడియారం, రికార్డరు తగిలిస్తే కేంద్రం సిద్ధం.

మొదటి శత్రువు కదలిక. ఈ ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం 40 వేల నానోటెస్లాలకు అటూఇటుగా ఉంటుంది. కాయిలు ఒక మైక్రోరేడియన్ ఒరిగితే, అంటే కిలోమీటరు పొడవున్న కడ్డీ కొస ఒక మిల్లీమీటరు లేచినంత ఒరిగితే, 0.04 నానోటెస్లాల దొంగ సంకేతం వస్తుంది. బేతంచెర్ల వైపు నాపరాతి గనిలో పేలుడు గానీ, యర్రగుంట్ల సిమెంటు లారీ గానీ అంతకన్నా ఎక్కువే కదిలిస్తాయి. రేగడి నేల మరీ మోసం. వాన పడితే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చి, కాయిలును రోజుల తరబడి మెల్లగా వంచుతుంది. గీత అప్పుడు నెమ్మదిగా పైకి పాకుతుంది, చూసేవాడికి ‘ఒత్తిడి పెరుగుతోంది’ అనిపిస్తుంది.

రెండోది కరెంటు. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90–50.05 హెర్ట్జ్ మధ్య ఊగుతుంటుంది. రికార్డరు సెకనుకు 10 సార్లు కొలుస్తూ, ముందు సరైన ఫిల్టరు లేదనుకుందాం. 49.95 హెర్ట్జ్ కరెంటు అప్పుడు 0.05 హెర్ట్జ్ అలలా నమోదవుతుంది, ఎందుకంటే కొలత కొలతకూ మధ్య అది దాదాపు ఐదు చుట్లు పూర్తి చేసి, ఏమాత్రమో వెనకబడుతుంది. కొరలిటోస్ సన్నని సంకేతం కనిపించిన బ్యాండు మొదలయ్యేది సరిగ్గా 0.05 దగ్గరే. అక్కడ జరిగింది ఇదేనని కాదు. ఫిల్టరు లేని పరికరం ఎంత నమ్మదగిన అబద్ధం చెప్పగలదో చూపడానికే ఈ లెక్క.

వ్యవసాయ ఫీడరుకు త్రీఫేజు కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న బోర్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటాయి. సబ్‌మెర్సిబుల్ కేబులు జాయింటు దగ్గర చిల్లు పడి ఉంటే కరెంటు నేలలోకి కారుతుంది. గట్టి రాతి నేల లోతు సంకేతాన్ని ఎంత దూరం మోస్తుందో ఈ కారిన కరెంటునూ అంతే దూరం మోస్తుంది. ఒకే దిశలో ఒక ఆంపియరు ఒక వరుసలో నేలలో పారితే, 500 మీటర్ల దూరంలో సుమారు 0.4 నానోటెస్లాల క్షేత్రం వస్తుంది. సోలారు పంపుసెట్టుదీ ఇదే కథ. రెండు డీసీ తీగలు మీటరు ఎడంగా 10 ఆంపియర్లు మోస్తే వంద మీటర్ల దూరంలో 0.2 నానోటెస్లాలు. మబ్బు తునక పలకల మీదుగా పోయిన నిమిషంలో ఆ కరెంటు పడి లేస్తుంది. అంటే 0.01–0.02 హెర్ట్జ్ బ్యాండులో ఒక చక్కటి అల! గని–శకునాల సోలారు పార్కులో 1,000 మెగావాట్ల పలకలున్నాయి. తీగలు దగ్గరదగ్గరగా ఉంటే క్షేత్రాలు చాలా మటుకు రద్దవుతాయి గానీ, సున్నా కావు.

రైళ్ల సంగతి కొంత నయం. గుంతకల్లు మార్గంలో 25 కిలోవోల్టుల ఏసీ ఉంటుంది, దాని 50 హెర్ట్జ్ యూఎల్ఎఫ్‌కు చాలా పైన. శాన్‌ఫ్రాన్సిస్కో బార్ట్ రైళ్లు డీసీవి, అవి యూఎల్ఎఫ్‌లో ఎంత రొద చేస్తాయో ఫ్రేజర్-స్మిత్ 1970ల్లోనే కొలిచాడు.

మూడోది ఆకాశం. సూర్యుడి గాలి తాకిడికి 10–45 సెకన్ల అలలు పగలంతా వస్తూనే ఉంటాయి, ఒక నానోటెస్లా అటూఇటుగా. మామూలు పగటి ఊగిసలాటే కొన్ని పదుల నానోటెస్లాలు. 2024 మే 10–11 సౌర తుపానులో ప్రపంచ భూఅయస్కాంత సూచీ దాదాపు 400 నానోటెస్లాలు పడిపోయింది.

ఆకాశం పని పట్టడం సులువే. కర్నూలులోనూ అనంతపురంలోనూ ఒకేసారి ఒకేలా కనిపించింది పైనుంచి వచ్చిందే. ఒక్కచోటే కనిపించింది స్థానికం. అయితే స్థానికం అంటే నేల కింద అని కాదు, పక్క పొలం కూడా స్థానికమే. అందుకే కనీసం మూడు కేంద్రాలు కావాలి, సంకేతం ఏ వైపు ఎంత తగ్గుతూ పోయిందో చూడాలి. గడియారం కూడా సాక్ష్యం చెబుతుంది. రోజూ ఫీడరుకు కరెంటు వచ్చే వేళకే గీత లేస్తుంటే వెతకాల్సింది భూగర్భంలో కాదు, సబ్‌స్టేషన్‌లో.

దూరం వేసే శిక్ష

మూలం చిన్నదైతే క్షేత్రం దూరం ఘనానికి తగ్గుతుంది. దూరం పదింతలైతే సంకేతం వెయ్యో వంతు. 7 కిలోమీటర్ల దగ్గర 10 నానోటెస్లాల సంకేతం పుట్టిందని ఉదారంగా ఒప్పుకుందాం. ములుగు కర్నూలుకు సుమారు 370 కిలోమీటర్లు, అంటే 53 రెట్ల దూరం. సంకేతం సుమారు లక్షా యాభై వేలో వంతుకు దిగి 0.00007 నానోటెస్లాలు మిగులుతుంది. పగటి ఆకాశపు అలలు దానికి పది వేల రెట్లు ఉంటాయి. ‘ములుగు భూకంపాన్ని రాయలసీమలో ముందే పట్టారు’ అనే మాట ఎంత మంచి పరికరం పెట్టినా ఈ లెక్క ముందు నిలవదు.

ఇక్కడ తరచూ కలిసిపోయే ఇంకో పద్ధతి ఉంది. తిరునల్వేలి దగ్గర నౌకాదళపు కట్టబొమ్మన్ కేంద్రం 18.2 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రసారం చేస్తుంది. ఆ తరంగం నేలకూ అయనోవరణానికీ (వాతావరణం పైభాగంలోని ఆవేశిత కణాల పొర) మధ్య ఎగురుతూ వందల కిలోమీటర్లు పోతుంది. భూకంపాలకు ముందు అయనోవరణం కింది అంచు కదిలి ఈ ప్రసారం మారుతుందని కొందరి పరికల్పన. అక్కడ కొలిచేది మనిషి పంపిన రేడియోను, భూమి పంపిన సంకేతాన్ని కాదు. కాబట్టి దూరం లెక్క దానికి ఇలా వర్తించదు, దాని చిక్కులు దానికున్నాయి.

‘పది భూకంపాల్లో ఎనిమిది పట్టాం’ అన్నప్పుడు

ఒక కేంద్రం ఏడాదికి 30 సార్లు హెచ్చరిక ఇస్తుందనుకుందాం. ఒక్కో హెచ్చరిక పది రోజులు చెల్లుతుంది. హెచ్చరికలు గుడ్డిగా, ఎలా పడితే అలా వచ్చినా సరే, ఏడాదిలో 56 శాతం రోజులు ఏదో ఒక హెచ్చరిక కిందికి వస్తాయి. సమానంగా పరిస్తే 82 శాతం. ఎనిమిది పట్టడానికి భూమి సాయమే అక్కర్లేదు.

రెండో లెక్క ఇంకా కటువు. ఒక ఊరికి దగ్గర్లో 50 ఏళ్లకు ఒక్క మోస్తరు భూకంపం వస్తుందనుకుందాం. పరికరం నిజమైనదాన్ని 80 శాతం పట్టుకుంటుంది, ఉత్తి వారాల్లో ఒక్క శాతమే తప్పుగా మోగుతుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. 50 ఏళ్లు అంటే 2,600 వారాలు, తప్పుడు మోతలు 26, నిజమైన మోత 0.8. మోగిన ప్రతిసారీ అది నిజం కావడానికి అవకాశం మూడు శాతం. మిగతా ఇరవయ్యారు సార్లు ఊరు ఖాళీ చేయించిన కలెక్టరు మాటను ఆ తర్వాత ఎవరు వింటారు?

ఇప్పటికి సాక్ష్యం ఎక్కడ నిలిచింది

వ్యతిరేకంగా బలమైనది పార్క్‌ఫీల్డ్. కాలిఫోర్నియాలో భూకంపం కోసమే కాచుకుని పరికరాలు దట్టంగా పెట్టిన చోటు అది. 2004 సెప్టెంబరు 28న 6.0 మాగ్నిట్యూడ్ భూకంపం వచ్చింది. ముందు అయస్కాంత సంకేతం ఏదీ దొరకలేదు.

అనుకూలంగా ఉన్నవి చిన్నవే అయినా పారేయదగ్గవి కావు. 2004 నుంచి 2010 దాకా తిరిగిన ఫ్రెంచి ఉపగ్రహం డెమిటర్ సమాచారంలో, 40 కిలోమీటర్ల లోపు లోతున వచ్చిన భూకంపాలకు ముందు నాలుగు గంటల్లో, రాత్రిపూట, 1.7 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగ తీవ్రత కాస్త తగ్గినట్టు కనిపించింది. వేల భూకంపాలను కలిపి సగటు తీస్తేనే తెలిసే తగ్గుదల అది, ఒక్క భూకంపానికి దాన్ని వాడలేం. చైనా 2018లో జాంగ్‌హెంగ్-1 ఉపగ్రహాన్ని ఈ పనికే పంపింది. కాలిఫోర్నియాలో క్వేక్‌ఫైండర్ అనే సంస్థ వాళ్ల నేల మాగ్నెటోమీటర్ల పదేళ్ల సమాచారం మీద 2022లో వచ్చిన అధ్యయనం, భూకంపానికి 24 నుంచి 72 గంటల ముందు ఒక ‘మోస్తరు’ సంకేతం ఉందంది. ఆ అధ్యయనం విలువ పద్ధతిలో ఉంది. భూకంపం ముందరి రోజులను మాత్రమే చూడకుండా, ఏ భూకంపమూ రాని రోజులను వాటి పక్కన నిలబెట్టి పోల్చింది. ఫోన్లలో తిరిగే గ్రాఫుల్లో ఉండనిది ఆ రెండో సగమే.

మన దేశంలో ఈ కొలతలు ఎక్కువగా భూకంపాలు వచ్చే చోట్లకే పోయాయి. హిమాలయాల భూగర్భాన్ని పరిశోధించే వాడియా సంస్థ ఉత్తరాఖండ్‌లోని ఘుత్తులో అయస్కాంతం, రేడాన్ వాయువు, భూగర్భజలం అన్నీ ఒకేచోట కొలిచే కేంద్రం నడుపుతోంది. ఆ ఎంపిక సహజమే. మరి కర్నూలు, అనంతపురం, కడపల నేల భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2002 మ్యాపులో చాలా వరకు జోన్ 2, అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న తరగతి. మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం 1993లో దాదాపు పది వేల మందిని బలి తీసుకున్నది కూడా ఇలాంటి పాత నేల మీదే కాబట్టి, దీనర్థం ‘ఎప్పటికీ రాదు’ అని కాదు. అయినా ఏళ్ల తరబడి పెద్దగా కదలని నేల ఈ పరిశోధనకు కావాలి. హిమాలయాల్లో పెట్టినలాంటి కాయిళ్లు, అదే ఫిల్టరు, సంకేతం అనడానికి అదే హద్దు ఇక్కడ పెట్టి మూడేళ్లు వదిలేస్తే, ఏ భూకంపమూ లేకుండా గీత ఎన్నిసార్లు ఆ హద్దు దాటిందో లెక్క దొరుకుతుంది. హిమాలయాల్లో అదే కాలంలో దాటిన సంఖ్యను పక్కన పెట్టి చూస్తే చాలు. అక్కడ 40, ఇక్కడ 38 అయితే ఒక అర్థం. అక్కడ 40, ఇక్కడ 5 అయితే పూర్తిగా వేరే అర్థం.